సొంత బావే ఊరి గ్రూపులో పరువు తీశాడు. గ్రూపులోంచి వచ్చేయనా?

ఉద్దానం_పప్పు
మాది పలాస దగ్గర పల్లె. నాలుగేళ్ళుగా జీడిపప్పు చిల్లరగా అమ్ముతున్నాను. కాశీబుగ్గలో ఫ్యాక్టరీ నుంచి డబ్బాలు తెచ్చి, ఇంట్లో కిలో, అరకిలో ప్యాకెట్లు కట్టి బస్సు పార్సిల్లో పంపుతాను. షాపు లేదు, బోర్డు లేదు. నా గిరాకీ అంతా మా ఊరి వాట్సాప్ గ్రూపే. హైదరాబాద్, విశాఖ, చెన్నై, కువైట్ ఎక్కడున్నా అందులో ఉన్నది మా ఊరోళ్ళే. నాలుగు వందల పైన ఉంటారు.

మొన్న మేనమామ కొడుకు 320 రకం అయిదు కిలోలు తెప్పించుకున్నాడు. హైదరాబాద్‌లో ఉంటాడు, నాకు బావ. పార్సిల్ అందిన రోజు మధ్యాహ్నం గ్రూపులో ఫోటో వచ్చింది. స్టీలు పళ్ళెంలో పప్పు, అందులో సగం ముక్కలు, పక్కన నా స్టిక్కరున్న కవరు. కింద "మన ఊరోడే కదా అని నమ్మితే ఇదీ సంగతి" అని రాశాడు. ఇక చూడండి, నవ్వే బొమ్మలే బొమ్మలు. నా దగ్గర ఎప్పుడూ పావుకిలో కొననివాడు కూడా "నాకూ అలాగే వచ్చింది" అన్నాడు.

ఆ వారం ఆర్డర్లు మూడు వెనక్కి పోయాయి. డబ్బుల సంగతి వదిలేయండి. మా నాన్నకీ మావయ్యకీ ఇప్పుడు మాటల్లేవు. వచ్చే ఆదివారం ఊళ్ళో మావయ్య ఇంట్లో బావ కూతురి ఓణీల ఫంక్షన్. అమ్మకి అది పుట్టిల్లు. రెండు రోజుల నుంచి సరిగ్గా అన్నం తినడం లేదు ఆవిడ.

గ్రూపులోంచి వచ్చేయనా? ఫంక్షన్‌కి వెళ్ళాలా, మానాలా?

రాజాం_సెంటరు
రాకు. వచ్చేస్తే తప్పు ఒప్పుకున్నట్టే. "ఫలానావాడు వెళ్ళిపోయాడు" అని నాలుగు వందల మందికీ కనిపిస్తుంది.

లెక్కల_మేష్టారు
అలా కనిపించడం 2022లోనే పోయింది. ఇప్పుడు బయటికొస్తే అడ్మిన్లకి మాత్రమే తెలుస్తుంది. కాకపోతే పాత సభ్యుల జాబితాలో అరవై రోజులు పేరుంటుంది. వెతికేవాడు ఎలాగూ వెతుకుతాడు.

మూడులాంతర్లు
అవన్నీ తర్వాత. ఫోటోలో ఉన్న ముక్కలు నీవేనా, కాదా?

ఉద్దానం_పప్పు
నావే. కానీ నేను పంపినప్పుడు గుండే, అంటే విరగని పప్పే. దారిలో నలిగాయి.

జీడి_డబ్బా
ఇరవై ఏళ్ళుగా ఈ లైన్లోనే ఉన్నాను కాబట్టి అడుగుతున్నా. ఎలా ప్యాక్ చేశావు? ఫ్యాక్టరీ నుంచి వచ్చే పది కిలోల డబ్బాలో పప్పుకి కదలడానికి చోటుండదు. దాన్ని విప్పి పల్చటి కవర్లో పోసి, గోనెసంచిలో కుట్టి బస్సు డిక్కీలో వేస్తే, దాని మీద ఎవడిదో గ్యాస్ స్టవ్ పెడతారు, ఆ పైన బియ్యం మూట పెడతారు. గుండు బద్ద అవుతుంది, బద్ద ముక్క అవుతుంది. పప్పు బాగా ఎండితే పెళుసెక్కుతుంది కూడా.

ఇంకోటి. 320 అంటే ఏమిటో మీ బావకి ఎప్పుడైనా చెప్పావా? పౌనుకి, అంటే 454 గ్రాములకి, 300 నుంచి 320 గుండ్లు రావాలి. 240 అంటే 220 నుంచి 240. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, రేటు ఎక్కువ. కొనేవాళ్ళలో చాలామంది అది రేటు అనుకుంటారు.

ఉద్దానం_పప్పు
చెప్పలేదు. రేటు కార్డులో 320 అని ఉంటుంది, అంతే. కవరు మామూలుదే.

మూడులాంతర్లు
ఇంతకీ 240 కిలో ఎంత?

వేదిక_పెద్ద
ఇక్కడ అమ్మకాలు, కొనుగోళ్ళు వద్దు.

బొబ్బిలి1757
అయితే ఫోటో అబద్ధం కాదు. ఇంక బావ చేసిన తప్పేటి?

నాగావళి_గట్టు
తప్పేటంటే ఫోన్ చేయకపోవడం. మేనత్త కొడుకుని నలుగురిలో నిలబెట్టేముందు ఒక్క ఫోన్ చెయ్యలేడా? మా చిన్నప్పుడు కొట్టువాడు పుచ్చు కందిపప్పు ఇస్తే అమ్మ సంచి పట్టుకెళ్ళి కొట్టు ముందే తిట్టి మార్చుకొచ్చేది. సాయంత్రం అదే కొట్టులో అప్పు రాయించేది. తిట్టు అక్కడే అయిపోయేది. ఇప్పుడా ఫోటో నాలుగు వందల ఫోన్లలో కూర్చుంటుంది.

ఉద్దానం_పప్పు
చేశాడు. పదకొండింటికి రెండుసార్లు చేశాడు. నేను రీల్ తీస్తున్నాను, ఆడవాళ్ళు పిక్కలు కొట్టే వీడియో. తర్వాత చేద్దాంలే అనుకున్నా.

బొబ్బిలి1757
అదీ మరి.

రాజాం_సెంటరు
ఒక్కో పోస్టులో ఒక్కో నిజం బయటికొస్తోంది. ఇంకా ఏమైనా ఉందా బాబూ?

చీపురుపల్లి_అప్ప
కుర్రాడిని మరీ అలా నిలదీయకండి. నాదీ ఇదే బాధ. ఇంట్లోనే చీరలు అమ్ముతాను, ఆరేళ్ళయింది. పొద్దున్న లేవగానే స్టేటస్‌లో నాలుగు చీరలు పెడతాను. ముందు చూసేది చుట్టాలే, చివర డబ్బులిచ్చేదీ చుట్టాలే. బయటివాళ్ళకి రేటు చెప్తే ఫోన్‌పే చేసేస్తారు. మా ఆడపడుచు మాత్రం "నాకూ అదే రేటా వదినా?" అంటుంది. తగ్గిస్తే నాకు మిగలదు, తగ్గించకపోతే మా ఆయన ముఖం మాడుతుంది. ఒకసారి ఆమె అడిగిన చీర అయిపోయిందని చెప్పాను. మర్నాడే ఎవరో కొనుక్కుని కట్టుకుని నన్ను ట్యాగ్ చేసి ఫోటో పెట్టారు. పండక్కి వచ్చి నా చేతి కాఫీ తాగలేదు ఆమె.

అసలు పిలుపులే మారిపోయాయి. మొన్న మా చెల్లెలు కూతురి పెళ్ళికి శుభలేఖ ఫోటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టి ఊరుకుంది. మా పెద్దన్నయ్య పెళ్ళికి రాలేదు. "గ్రూపులో పెట్టినది అందరికీ పెట్టింది, నాకు పెట్టింది కాదు" అన్నాడు. బొట్టు పెట్టి పిలవలేదని వదిన ఇప్పటికీ అంటుంది.

రాజాం_సెంటరు
అప్పా, పెట్రోలు రేటు చూశారా? మూడొందల ఇళ్ళు తిరగాలంటే సగం పెళ్ళి ఖర్చు దానికే పోతుంది. మా పెళ్ళికి వాట్సాప్‌లోనే పిలిచాం. వచ్చేవాళ్ళంతా వచ్చారు.

చీపురుపల్లి_అప్ప
మూడొందలు తిరగమన్నానా? గడప తొక్కాల్సిన ఇళ్ళు పది ఉంటాయి ఎవరికైనా. మీ పెళ్ళికి మీ పెద్దవాళ్ళు నీకు తెలీకుండా ఆ పదీ తిరిగే ఉంటారు, అమ్మని అడుగు.

రాజాం_సెంటరు
అడిగాను. పద్నాలుగు ఇళ్ళట.

మూడులాంతర్లు
😂

లెక్కల_మేష్టారు
మా ఊరి సంగతి వినండి. గ్రూపుకి 256 మంది పరిమితి ఉన్న రోజుల్లో మాది నిండిపోయింది. రెండో గ్రూపు పెట్టాల్సి వచ్చింది. తూర్పు వీధి ఒకటి, పడమటి వీధి ఒకటి అనుకున్నాం. వారం తిరిగేసరికి సర్పంచ్ ఎన్నికలో ఎవరు ఎటు నిలబడ్డారో సరిగ్గా అలాగే సర్దుకుపోయారు. పక్కపక్క ఇళ్ళ అన్నదమ్ములు చెరో గ్రూపు. 2022లో పరిమితి 1024 చేశారు. మళ్ళీ కలిపేద్దామని నేనే అడిగాను, ఒక్కరూ ఊఁ అనలేదు. ఇప్పుడు అమ్మవారి సంబరానికి చందాల లిస్టు రెండు చోట్లా పెడతారు. ఇటువాళ్ళు అటు లిస్టు స్క్రీన్‌షాట్ తెప్పించుకుని చూసి, వాళ్ళకంటే ఒక రూపాయి ఎక్కువ రాయిస్తారు. అమ్మవారికి లాభమే అనుకోండి.

వెరావల్_బోటు
అందరూ తిట్టేస్తున్నారు గానీ మాలాంటోళ్ళని అడగండి. మాది ఎచ్చెర్ల వైపు తీరం. ఊళ్ళో మగాళ్ళు ఏటా నెలల తరబడి గుజరాత్‌లో బోట్ల మీదే. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు వెరావల్ రేవులో మావాళ్ళు వేలమంది బోట్లలోనే ఉండిపోయారు. మా అన్న బోటు మీద నిలబడి వీడియో తీశాడు, వెనక బోట్లు వరసగా కట్టేసి ఉన్నాయి. తిండి ఇలా ఉంది, నీళ్ళు ఇలా ఉన్నాయి అని చూపించాడు. అలాంటి వీడియోలు ఊరి గ్రూపుల్లోంచి టీవీలకెళ్ళాయి. ఏప్రిల్ నెలాఖరుకి బస్సులు కదిలాయి. ఫోన్ లేని రోజుల్లో అయితే వాళ్ళు ఎలా ఉన్నారో మా అమ్మకి తెలిసేదే కాదు.

మా వదిన ఇప్పటికీ అన్న పంపిన వాయిస్ మెసేజ్‌లు చెరిపేయదు. ఫోన్ నిండిపోయి కొత్త ఫోటో రాదు, అయినా చెరిపేయదు.

నాగావళి_గట్టు
అది వేరు, ఇది వేరు. కష్టంలో ఉన్నప్పుడు గ్రూపు ఊరిలాగే ఉంటుంది. అందులోకి వ్యాపారం దూరితేనే తేడా.

కువైట్_ఎండ
దూరనీయకపోతే మాకు పప్పెవరు పంపుతారండీ. నేనూ అలాంటి ఒక ఊరి గ్రూపులో ఉన్నాను. రాత్రి డ్యూటీ దిగి రూముకొచ్చి ముందు చూసేది అదే. వాన పడిందా, ఎవరు పోయారు, ఎవరింట్లో ఆవు ఈనింది. అందులో మనవాడు పప్పు అమ్ముతున్నాడంటే కొంటాం. షాపుల్లో ఇంతకంటే తక్కువకే దొరుకుతుంది, ఆ సంగతి మాకు తెలుసు. రేటు చూసి కొనడం లేదు.

అందుకే అడుగుతున్నా, ఉద్దానం_పప్పు. ఆ గ్రూపు పెట్టింది ఎవరు? ఎందుకు పెట్టారు?

ఉద్దానం_పప్పు
నేనే. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను తర్వాత పెట్టాను. తోటలు పడిపోయాయి, కొబ్బరి లేదు, జీడి లేదు, కరెంటు రోజుల తరబడి లేదు. టవర్లు కూడా పడ్డాయి. టెక్కలి వైపు వెళ్తే సిగ్నల్ దొరికేది. అక్కడికి బండి మీద వెళ్ళి, ఎవరింటి కప్పు పోయింది, ఎవరికి మందులు కావాలి అని బయట ఉన్నవాళ్ళకి రాసేవాణ్ణి. దానికోసం పెట్టిన గ్రూపు అది. టార్పాలిన్లు లోడు చేయించి పంపింది బావే. రేటు కార్డు పెట్టడం 2021లో మొదలుపెట్టా. ఎవరూ వద్దనలేదు.

కువైట్_ఎండ
వద్దని ఎవరంటారు, నువ్వే అడ్మిన్ కదా.

మూడులాంతర్లు
ఆగండాగండి. అడ్మిన్ అయితే ఆ ఫోటో ఇంకా గ్రూపులో ఉందా?

ఉద్దానం_పప్పు
లేదు. ఆ రోజు సాయంత్రమే డిలీట్ చేసేశాను. వేరేవాళ్ళ మెసేజ్ అడ్మిన్ తీసేయొచ్చు కదా. నాన్నే "ముందు అది తీసెయ్" అన్నారు.

బొబ్బిలి1757
ఒరేయ్.

రాజాం_సెంటరు
నేను మొదట్లో చెప్పింది వెనక్కి తీసుకుంటున్నా. అడ్మిన్ తీసేశాడని ఆ మెసేజ్ ఉన్న చోట నీ పేరుతో సహా కనిపిస్తుంది. ఫోటో చూడనివాడు కూడా "ఏటుండేది అందులో" అని పది మందిని అడిగి ఉంటాడు.

చీపురుపల్లి_అప్ప
మీ మావయ్యకి మాటల్లేకపోవడం ముక్కల వల్ల కాదు నాయనా, దీనివల్ల. ఆయన కొడుకు నోరు మూయించావు.

ఉద్దానం_పప్పు
అలా ఆలోచించలేదు అప్పా.

పొందూరు_నూలు
రెండు రోజులుగా చదువుతున్నా, ఒక మాట రాస్తాను. మా అమ్మ నూలు వడుకుతుంది. మా పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వడం దగ్గర్నుంచి అంతా చేత్తోనే. నూరో నంబరు, అంటే బాగా సన్నటి నూలు తీయడానికి ఒక మనిషి రోజంతా కూర్చుంటే ఏ పాటి వస్తుందో చెప్తే నమ్మరు. ఎవరో వచ్చి వీడియో తీసుకెళ్ళారు. చాలామంది చూశారట, "మా అమ్మమ్మ గుర్తొచ్చింది" అని కింద రాశారు. ధోవతి ధర అడిగి "అమ్మో" అన్నవాళ్ళూ వాళ్ళే. అమ్మకి ఆ నెల అదనంగా పైసా రాలేదు. చేప దవడ చూపించమని ఇంటికి జనం మాత్రం వచ్చారు, టీ ఖర్చు మాది.

తర్వాత ఒక పేజీలో మిల్లు గుడ్డకి మా ఊరి పేరు పెట్టి అమ్ముతున్నారు. "ఇది మాది కాదు, అంచు చూడండి, పోగు చూడండి" అని మర్యాదగానే రాశాను. గంటలో బ్లాక్ చేశారు. ఇప్పుడా పేజీలో ఏం జరుగుతుందో నాకు కనిపించదు. నా కామెంటూ లేదు. కొనేవాళ్ళకి నేను ఉన్నట్టే తెలీదు.

మీ బావ స్థానంలో ఉంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి రాస్తున్నా. మీ మీద కోపంతో కాదు.

ఉద్దానం_పప్పు
మీరన్నది అర్థమైంది. ఏం చేయమంటారు?

పొందూరు_నూలు
తీసేసింది నేనేనని, తప్పేనని అదే గ్రూపులో రాయండి. పప్పు గురించి వాదన వద్దు.

నాగావళి_గట్టు
రాయడం ఒకటీ, వెళ్ళడం ఇంకోటి. ఫంక్షన్‌కి ముందు రోజే వెళ్ళు. పందిరి దగ్గర పనుంటుంది.

జీడి_డబ్బా
నా మాట కూడా ఒకటి విను. ముక్కల సంగతి ప్యాకింగ్ అనుకుందాం. కానీ "నాకూ అలాగే వచ్చింది" అని ఇంకొకడు అన్నాడు కదా, వాడు కొన్నా కొనకపోయినా, నీ సరుకు నువ్వొకసారి లెక్కపెట్టుకో. డబ్బా మీద 320 అని రాసుంది కాబట్టి 320 అని నమ్మేశావు. పౌను తూచి గుండ్లు లెక్కపెట్టడానికి పావుగంట పట్టదు. నాలుగేళ్ళలో ఎన్నిసార్లు చేశావు?

ఉద్దానం_పప్పు
ఒక్కసారి కూడా లేదు. తెలిసినాయనే ఇస్తాడు.

మూడులాంతర్లు
వాడు కూడా తెలిసినోడేనా! పలాసలో తెలియనోడు అంటూ ఎవడైనా ఉన్నాడా?

బొబ్బిలి1757
ఇక్కడ కూడా ఉండరు. మా బొబ్బిలిలో టిఫిన్ సెంటరు పెట్టిన తమ్ముడికి మ్యాప్స్‌లో ఒక్క స్టార్ ఇచ్చింది ఎవరని కనుక్కుంటే, మేడ మీద అద్దెకుండే ఆయన. ఇడ్లీ బానే ఉందట. ఎగ్జాస్ట్ ఫ్యాన్ గాలి వాళ్ళ కిటికీలోకి వస్తోందట. తమ్ముడు ఫ్యాను తిప్పి పెట్టించాక నాలుగు స్టార్లు చేశాడు. అయిదోది ఎందుకివ్వలేదో ఇంకా అడగలేదు.

రాజాం_సెంటరు
అయిదోదానికి ఉచితంగా ఇడ్లీ పంపాలేమో.

ఉద్దానం_పప్పు
సోమవారం పొద్దున్న రాస్తున్నా. జరిగింది చెప్తాను, పొడుగ్గా ఉంటుంది, ఏమీ అనుకోకండి.

శుక్రవారం గ్రూపులో నాలుగు లైన్లు రాశాను. ఫోటో తీసేసింది నేనే, అలా చేయాల్సింది కాదు అని. నవ్వే బొమ్మలు పెట్టినవాళ్ళలో ఒక్కడూ కనిపించలేదు. ఏడెనిమిది మంది దండాలు పెట్టారు. బావ చూశాడు, బదులు లేదు.

శనివారం మధ్యాహ్నం అమ్మని బండెక్కించుకుని వెళ్ళా. నాన్న రానన్నారు. మావయ్య పందిరి దగ్గర నిలబడి ఉన్నారు. నన్ను చూసి ఆటో వైపు చెయ్యి చూపించి "ఆ అరటి గెలలు దించు" అన్నారు. అంతే. సాయంత్రం దాకా దించడం, కట్టడం, కుర్చీలు మోయడం. బావ పక్కనే ఉన్నా పలకలేదు.

రాత్రి పదకొండు దాటాక వంటవాళ్ళ దగ్గర కూర్చున్నాం. బావ బ్యాగులోంచి రెండు కిలో ప్యాకెట్లు తీసి నా ముందు పెట్టాడు. విప్పనివి. "ఆఫీసులో మా పెద్దాయనకి ఒకటి ఇచ్చాను. అక్కడే విప్పాడు. మీ ఊళ్ళో ఇలాగే కాస్తాయా అన్నాడు. అప్పుడు నీకు ఫోన్ చేశాను" అన్నాడు. నేనేమీ అనలేదు. తర్వాత అన్నాడు, "ముక్కలు పోతే పోయాయిరా. తుపానుకి నా చేత టార్పాలిన్ల ఫోటోలు పెట్టించిన గ్రూపులో నా ఫోటో తీసేస్తావా?"

మీరు చెప్పింది గుర్తొచ్చి లెక్కపెడదామన్నా, జీడి_డబ్బా. వంటవాళ్ళ కాటా తెచ్చాం. రెండు ప్యాకెట్లూ పళ్ళెంలో పోసి, గుండ్లు వేరు చేసి, 454 గ్రాములు తూచాం. ఫంక్షన్ పిల్ల నిద్రపోకుండా వచ్చి కూర్చుంది. రెండు చేతులకీ గోరింటాకు. ముట్టుకోకూడదు కాబట్టి నోటితో లెక్కపెట్టింది, బావా నేనూ ఒక్కొక్కటీ జరిపాం. వందకి ఒక వక్క పక్కన పెట్టాం. మధ్యలో మావయ్య వచ్చి నాలుగు గుండ్లు నోట్లో వేసుకున్నారు. పిల్ల అరిచింది, మళ్ళీ మొదట్నుంచి.

మూడు వక్కలు, పైన 71.

జీడి_డబ్బా
371 అంటే అది 320 కాదు. 350 నుంచి 400 దాకా వస్తే 400 రకం. నీకు 320 రేటుకి 400 ఇచ్చారు. ఎన్ని డబ్బాల నుంచి జరుగుతోందో మరి.

ఉద్దానం_పప్పు
అదే ఆలోచిస్తున్నా. నిన్న ఫంక్షన్ అయ్యాక ఇంట్లో ఉన్న రెండు డబ్బాలు కూడా లెక్కపెట్టా. ఒకటి 312, సరిగ్గానే ఉంది. రెండోది 366. పొరపాటో, మోసమో తెలీడం లేదు.

లెక్కల_మేష్టారు
మావయ్య తిన్న నాలుగూ కలిపే లెక్కా?

ఉద్దానం_పప్పు
లేదు మేష్టారూ. నాలుగు వేరేవి వేసి మళ్ళీ తూచాం.

చీపురుపల్లి_అప్ప
నాన్నగారు వచ్చారా ఫంక్షన్‌కి?

ఉద్దానం_పప్పు
భోజనాల వేళకి వచ్చారు. మావయ్య పక్క కుర్చీ ఖాళీగా ఉంటే వేరే బంతిలో కూర్చున్నారు. కానీ తాంబూలం మావయ్య చేతి మీదుగానే తీసుకున్నారు.

రాజాం_సెంటరు
సరే, ఆ ఫ్యాక్టరీ పేరు ఇక్కడ పెట్టు. అందరం జాగ్రత్త పడతాం.

ఉద్దానం_పప్పు
పెట్టను. రేపు ఎనిమిదింటికి ఆ డబ్బా పట్టుకుని ఆయన దగ్గరికే వెళ్తున్నా. బావ లీవు ఒకరోజు పెంచుకున్నాడు, తనూ వస్తానన్నాడు. ఆయన మా నాన్నకి వరసకి తమ్ముడు అవుతాడు.

బొబ్బిలి1757
ఆయన కూడా చుట్టమేనా!

జీడి_డబ్బా
కాటా మీదే తీసుకెళ్ళండి. వాళ్ళ కాటా మీద తూచొద్దు.